ముందే సొమ్ము, తరువాత భోజనం: థీమ్ పార్క్ రిసార్టుల్లో రుచికి ఏమవుతోంది?

విహారయాత్రకు బయలుదేరక ముందే గది అద్దె, పార్కు టికెట్లతో పాటు అన్ని పూటల భోజనానికీ సొమ్ము చెల్లించివేసే పద్ధతి నేడు అనేక పెద్ద రిసార్టుల్లో అమలులో ఉంది. ఖర్చు ఎంతో ముందుగానే తెలిసిపోతుంది. పిల్లలు అడిగిన ప్రతిసారీ జేబు తడుముకోనవసరం లేదు. ఈ సౌకర్యం నిజమైనదే. అయితే ఈ పద్ధతి వేళ్లూనుకున్న చోట రెస్టారెంట్లలో ధరలు పెరుగుతాయని, వంటకాలన్నీ ఒకే మూసలోకి వస్తాయని, బల్ల దొరకడమే గగనమవుతుందని చాలాకాలంగా విమర్శ ఉంది. ఈ విమర్శను పరిశీలించడానికి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో గల వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను మించిన ఉదాహరణ లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, వారిని చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు తరచుగా సందర్శించే ప్రదేశం కూడా కావడంతో ఈ లెక్క మన పాఠకులకు, శ్రోతలకు అంత దూరమైనదేమీ కాదు.

గదిని, భోజనాన్ని కలిపి అమ్మడం కొత్త ఆలోచన కాదు. 19వ శతాబ్దపు అమెరికా హోటళ్లలో అదే ఆనవాయితీ. గది తీసుకున్నవారికి నిర్ణీత వేళల్లో భోజనం పెట్టేవారు. తిన్నా, తినకపోయినా అద్దె ఒక్కటే. 1855లో బోస్టన్ నగరంలో ప్రారంభమైన పార్కర్ హౌస్ హోటల్ ఈ ముడిని విప్పింది. గదికి వేరుగా, తిన్న వంటకానికి వేరుగా సొమ్ము తీసుకునే విధానాన్ని అక్కడ ప్రవేశపెట్టారు. మొదటి పద్ధతికి అమెరికన్ ప్లాన్ అని, రెండవదానికి యూరోపియన్ ప్లాన్ అని పేర్లు స్థిరపడ్డాయి. మన దేశంలోని హోటల్ బుకింగ్ పత్రాలలో ఈనాటికీ కనిపించే పేర్లు ఇవే. 1950లో ఐరోపాలో మొదలైన క్లబ్ మెడ్ సంస్థ గది, భోజనం, ఆటపాటలు అన్నిటినీ ఒకే ధరకు చేర్చి విహార గ్రామాలను నెలకొల్పింది. అంటే 19వ శతాబ్దంలో విడిపోయిన గది, భోజనం 20వ శతాబ్దంలో మళ్లీ ఒకటయ్యాయి.

డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న ప్రారంభమైనా, భోజన పథకం నేటి రూపంలో అక్కడికి వచ్చింది 2005లో. అదే సంవత్సరం ఆ సంస్థ విమానాశ్రయం నుంచి తన హోటళ్లకు ఉచిత బస్సు సదుపాయాన్ని కూడా ప్రారంభించింది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. సుమారు 25 వేల ఎకరాల విస్తీర్ణంలో ఉన్న ఆ ప్రాంగణానికి సొంత కారుగానీ, అద్దె కారుగానీ లేకుండా చేరుకున్న కుటుంబం బయటి ఊరిలోని హోటలుకు వెళ్లి భోజనం చేయడం అంత తేలిక కాదు. అప్పట్లో ఒకవైపు బస్సు ఉచితంగా ఉండేది, మరోవైపు భోజనానికి ముందే సొమ్ము చెల్లింపు. అతిథి ప్రాంగణం దాటి వెళ్లవలసిన అవసరం ఆ విధంగా చాలావరకు తొలగిపోయింది.

తొలి పథకం నిజంగా ఉదారమైనదే. పెద్దలకు రాత్రికి సుమారు 35 డాలర్లు చెల్లిస్తే, రోజుకు ఒక సాధారణ కౌంటర్ భోజనం, కూర్చుని తినే రెస్టారెంట్‌లో ఒక భోజనం, ఒక చిరుతిండి లభించేవి. కూర్చుని తినే భోజనంలో స్టార్టర్, ప్రధాన వంటకం, తీపి పదార్థం, పానీయంతో పాటు వడ్డించినవారికి ఇవ్వవలసిన టిప్ కూడా కలిసి ఉండేది. డబ్బుకు బదులు ఈ పూటలను క్రెడిట్ల రూపంలో లెక్కిస్తారు. సాధారణ రెస్టారెంట్‌కు ఒక క్రెడిట్, సిగ్నేచర్ అని పిలిచే మేలిరకం రెస్టారెంట్‌కు రెండు. మెనూలో పక్కనున్న అంకెతో క్రెడిట్‌కు సంబంధం లేదు. కథంతా నడిచేది ఈ ఒక్క అంశం చుట్టూనే.

మెనూలో ధర కనిపించనప్పుడు

చేతిలో నగదు ఉన్న వ్యక్తి మెనూ చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. ఏది తినాలని ఉంది? దానికి ఆ ధర తగునా? క్రెడిట్ ఉన్న వ్యక్తికి రెండవ ప్రశ్న ఉండదు. ఉన్నా తలకిందులుగా ఉంటుంది: అన్నిటికంటే ఖరీదైనది ఏది? ఒక రెస్టారెంట్‌లో పాస్తా 28 డాలర్లు, గొడ్డుమాంసంతో చేసే స్టేక్ 58 డాలర్లు అనుకుందాం. రెండింటికీ ఒకే క్రెడిట్ అయినప్పుడు పాస్తా కోరుకున్నవారికి ఏదో నష్టపోయామన్న భావన కలగడం సహజం. దాంతో ఖరీదైన వంటకాలకు గిరాకీ పెరుగుతుంది. ఆ ఖర్చును వంటశాల ఎక్కడో ఒకచోట సరిపెట్టుకోవలసిందే. ఖరీదైన వంటకాన్ని మెనూ నుంచి తొలగించవచ్చు, పరిమాణం తగ్గించవచ్చు, అదనపు రుసుము పెట్టవచ్చు, లేదా రెస్టారెంట్‌నే రెండు క్రెడిట్ల శ్రేణికి మార్చవచ్చు.

ఎప్‌కాట్ పార్కులోని కెనడా ప్రాంగణంలో ఉన్న ల సెలియే అనే స్టేక్ రెస్టారెంట్ ఇందుకు చక్కని నిదర్శనం. ఒక్క క్రెడిట్‌తో మంచి స్టేక్ లభించే చోటుగా పేరు రావడంతో అక్కడ బల్ల దొరకడం మహా కష్టమైంది. కొన్నేళ్లకు దానిని రెండు క్రెడిట్ల శ్రేణికి మార్చారు. వంటశాల అదే, ఆవరణ అదే. పథకం కొన్నవారి దృష్టిలో మాత్రం ఆ పూట విలువ రాత్రికి రాత్రి రెట్టింపయింది.

మెనూలో ముద్రించిన ధరల సంగతి మరింత సూక్ష్మమైనది. ఆ ధరలను పట్టించుకోనివారు వినియోగదారుల్లో గణనీయంగా ఉన్నప్పుడు, ధర పెంచితే గిరాకీ పడిపోతుందన్న భయం రెస్టారెంట్‌కు తగ్గుతుంది. పైపెచ్చు మెనూ ధర ఎంత ఎక్కువగా ఉంటే, ఇంత విలువైన భోజనం ఇంత చవకగా వచ్చిందని పథకం కొన్నవారు అంతగా సంతోషిస్తారు. ఆ భారమంతా నగదు చెల్లించే మామూలు సందర్శకుడిపై పడుతుంది. పథకం కొననివారు కూడా పథకానికి మూల్యం చెల్లిస్తున్నారన్న విమర్శకు ఆధారం ఇదే.

రుచి విషయానికి వస్తే, అక్కడి భోజనంపై ఏళ్ల తరబడి రాస్తున్న విమర్శకుల ప్రధాన ఆరోపణ ఏకరూపత. పేరుకు ఒకటి ఇటలీ రెస్టారెంట్, ఒకటి సముద్రతీర రెస్టారెంట్, ఇంకొకటి అరణ్య విడిది. మెనూ తెరిస్తే ఒక స్టేక్, ఒక సాల్మన్ చేప, ఒక కోడి వంటకం, ఒక పాస్తా. రోజూ కూర్చుని తినే రెస్టారెంట్‌కు వెళ్లే హక్కును ముందే కొనుక్కున్న కుటుంబాలు, ఆ రెస్టారెంట్ ప్రత్యేకత కోసం కాక క్రెడిట్‌ను వినియోగించుకోవడం కోసం వస్తాయి. వాటిలో కొత్త రుచులకు వెనుకాడేవారు, అలసిపోయిన పిల్లలతో వచ్చినవారు ఎక్కువ. అందరికీ నచ్చకపోయినా ఎవరికీ అభ్యంతరం లేని వంటకాలకే మెనూలో చోటు మిగులుతుంది. తీపి పదార్థాల పరిస్థితి కూడా అంతే. కావాలని అడిగి కొనుక్కునేవారి కోసం చేసే మిఠాయి వేరు. పథకంలో ఉంది కనుక ప్రతి బల్లకూ పంపవలసిన మిఠాయి వేరు. వందల సంఖ్యలో ఒకేసారి తయారుచేసి చల్లబరిచి ఉంచగల పదార్థమే రెండవ అవసరానికి సరిపోతుంది.

దీనికి వంటవారిని తప్పుపట్టడం అన్యాయం. తిన్నవారు మెచ్చితే మళ్లీ వస్తారు, మెచ్చకపోతే రారు. వంటశాలకు అందే సమాచారం ప్రధానంగా అదే. ఆరు నెలల క్రితమే సొమ్ము చెల్లించి, బల్ల ఖాయం చేసుకుని, రేపు ఊరు విడిచి వెళ్లిపోయే అతిథి నుంచి ఆ సమాచారం అందదు. ఆరు నెలలు అనడం అతిశయోక్తి కాదు. చాలాకాలంపాటు అక్కడి రెస్టారెంట్లలో బల్లను 180 రోజుల ముందు నుంచే ఖాయం చేసుకునే వీలుండేది. ఆ గడువును తరువాత 60 రోజులకు తగ్గించారు. ఖాయం చేసుకుని రానివారిపై అనేక రెస్టారెంట్లు మనిషికి 10 డాలర్ల రుసుము విధిస్తున్నాయి. ఆకలి వేసిన వేళ కనిపించిన రెస్టారెంట్‌లోకి నడిచి వెళ్లి కూర్చోవడం అనే మామూలు విషయం అక్కడ అరుదైపోయింది.

ఉచితం అన్న మాట వెనుక

2005 శరదృతువులోనే డిస్నీ మరో అడుగు వేసింది. పాఠశాలలు తెరిచి, తుపానుల భయం ఉండి, సందర్శకులు పలచబడే రోజుల్లో హోటల్ గది తీసుకున్నవారికి భోజన పథకాన్ని ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. ఇందుకు షరతు ఏమిటంటే గదికి తగ్గింపు లేని పూర్తి అద్దె చెల్లించాలి. వదులుకున్న తగ్గింపే భోజనం ఖరీదు అన్నమాట. అయినా ఉచితం అన్న మాటకున్న ఆకర్షణ బలమైనది. ఈ పథకం తరువాతి సంవత్సరాల్లోనూ కొనసాగింది. అంతవరకు రెస్టారెంట్లు కాస్త ఖాళీగా ఉండే వారాలు కూడా కిటకిటలాడాయి.

2008 నాటికి పథకం నుంచి స్టార్టర్‌ను, టిప్‌ను తొలగించారు. 2018లో 21 ఏళ్లు నిండినవారికి భోజనంతో పాటు మద్యాన్ని చేర్చారు. కోవిడ్ కారణంగా 2020లో నిలిచిపోయిన పథకం 2024 జనవరి 9న తిరిగి మొదలైనప్పుడు, కూర్చుని తినే భోజనంతో కూడిన పథకం ధర పెద్దలకు రాత్రికి 94 డాలర్ల 28 సెంట్లు. ఈ 19 ఏళ్లలో అమెరికాలో సాధారణ ధరల స్థాయి సుమారు 60 శాతం పెరిగింది. ఆ లెక్కన 35 డాలర్లు 56 కావాలి. మద్యం చేరిందన్నది నిజమే. స్టార్టర్, టిప్ పోయాయన్నదీ నిజమే. మద్యం ముట్టనివారికి మాత్రం ఈ మార్పులో మిగిలింది తగ్గింపే.

ఒక కుటుంబం లెక్క చూద్దాం. తల్లి, తండ్రి, 11 ఏళ్ల కుమారుడు ఐదు రాత్రులు ఉండదలచారు. అక్కడ 10 ఏళ్లు నిండినవారందరూ పెద్దల కిందే లెక్క. 2024 ధర ప్రకారం ముగ్గురికి రాత్రికి 282 డాలర్ల 84 సెంట్లు, ఐదు రాత్రులకు 1,414 డాలర్ల 20 సెంట్లు. రూపాయల్లో లక్ష దాటుతుంది. టిప్ అదనం. అక్కడి ఆనవాయితీ ప్రకారం అది మెనూ ధరపై 18 నుంచి 20 శాతం. వారిలో ఎవరూ మద్యం తీసుకోకపోతే, ఇద్దరు శాకాహారులైతే, వారు చెల్లించిన సొమ్ములో కొంత భాగం పక్క బల్లపై స్టేక్ తింటూ ద్రాక్షాసవం సేవిస్తున్నవారి ఖర్చును భరిస్తున్నట్టే. ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు. అందరికీ ఒకే ధర నిర్ణయించినప్పుడు తక్కువ ఖర్చయ్యేవారు ఎక్కువ ఖర్చయ్యేవారిని మోయడం గణిత ధర్మం.

దీనికో కొనసాగింపు ఉంది. తక్కువ తినేవారు తమకిది గిట్టదని గ్రహించి పథకం మానుకుంటారు. ఎక్కువ తినేవారు మిగులుతారు. మిగిలినవారి సగటు ఖర్చు ఎక్కువ కనుక పథకం ధర పెంచాలి. పెంచితే ఇంకొందరు తప్పుకుంటారు. ఆరోగ్య బీమా రంగంలో ఆరోగ్యవంతులు తప్పుకుంటే ప్రీమియం పెరిగే తీరు ఇదే. ఒక గదిలో ఉండే మూడేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ అదే పథకం తీసుకోవాలన్న నిబంధన ఉండడానికి ఒక కారణం ఇందులోనే కనిపిస్తుంది. మూడు తరాలు ఒకే గదిలో సర్దుకునే మన కుటుంబాలకు ఈ నిబంధన ప్రత్యేకంగా భారమవుతుంది. రాత్రిపూట పెరుగన్నం తప్ప మరేమీ ముట్టని తాతగారికి కూడా పూర్తి ధరే.

అన్నీ తెలిసి కూడా ఎందుకు కొంటారు?

లాభనష్టాలు బేరీజు వేయడం తెలియక కొంటున్నారనుకోవడం పొరపాటు. 1998లో ప్రెలెక్, లోవెన్‌స్టైన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో, బట్టలు ఉతికే యంత్రానికైతే వాడుతూ వాయిదాలు చెల్లించడానికి ఇష్టపడేవారు, విహారయాత్రకు మాత్రం ముందే చెల్లించడానికి మొగ్గు చూపుతారని తేలింది. సొమ్ము చెల్లించే క్షణంలో కలిగే బాధ, ఆనందించవలసిన సమయంలోకి చొరబడకూడదని వారి కోరిక. 2006లో డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే మరో ఇద్దరు వ్యాయామశాలల సభ్యులను పరిశీలించారు. నెలకు 70 డాలర్లకు పైగా చెల్లించే సభ్యులు నెలకు సగటున నాలుగుసార్లకు కాస్త ఎక్కువగా వెళుతున్నారు. అంటే వెళ్లిన ప్రతిసారీ 17 డాలర్లకు పైగా పడుతోంది. పదిసార్ల పాస్ కొనుక్కుంటే 10 డాలర్లకే సరిపోయేది. మనం ఎంత వాడుకుంటామన్న విషయంలో మన అంచనా ఎప్పుడూ కాస్త ఉదారంగానే ఉంటుంది.

భోజన పథకంలోనూ వాడని క్రెడిట్లు బయలుదేరే రోజు అర్ధరాత్రితో చెల్లిపోతాయి. సొమ్ము వాపసు రాదు. ఆఖరి రోజున మిగిలిన చిరుతిండి క్రెడిట్లతో సంచుల కొద్దీ మిఠాయిలు కొనుక్కుని ఇంటిదారి పట్టడం అక్కడ మామూలు దృశ్యం.

మెస్ భోజనానికీ దీనికీ తేడా

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఒకే ధరకు ఎంతైనా తినే పద్ధతే రుచిని చెడగొడుతుందంటే, మన ఊళ్లలో ఫుల్ మీల్స్ పెట్టే మెస్సుల సంగతేమిటి? విజయవాడలోనైనా, హైదరాబాదులోనైనా కూరలు, పప్పు, సాంబారు, పెరుగు అడిగినంత వడ్డించి ఒకే ధర తీసుకునే భోజనశాలలు దశాబ్దాలుగా పేరు నిలబెట్టుకున్నాయి కదా? నా దృష్టిలో ఈ ప్రశ్నే అసలు విషయాన్ని పట్టిస్తుంది. మెస్‌లో భోజనం చేసేవారు ఆ పూటకే చెల్లిస్తారు. పప్పులో ఉప్పు ఎక్కువైతే రేపు పక్క వీధిలోని మెస్‌కు వెళతారు. ఒకే ధర అన్నది కాదు దోషం. ముందే చెల్లించడం, మరో దారి లేకపోవడం, ఈ రెండూ కలవడం దోషం. కళాశాల హాస్టల్‌లో చదువుకున్నవారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

రైలు ప్రయాణికులకూ ఇది పరిచితమే. రాజధాని, శతాబ్ది రైళ్లలో భోజనం ఖరీదు చాలాకాలం టికెట్‌లోనే తప్పనిసరిగా కలిసి ఉండేది. 2017 జులైలో పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో కాగ్, 74 స్టేషన్లలో, 80 రైళ్లలో జరిపిన తనిఖీల ఆధారంగా రైల్వే ఆహారం నాణ్యతపై తీవ్ర అభ్యంతరాలు వ్యక్తం చేసింది. ఆ లోపాలన్నిటికీ ముందస్తు చెల్లింపే కారణమని చెప్పలేము. అయితే ఇటీవలి సంవత్సరాల్లో టికెట్ తీసుకునే సమయంలోనే భోజనం వద్దనుకునే వీలు కల్పించారు. వద్దనగలిగే అవకాశం ప్రయాణికుడి చేతిలోకి రావడం చిన్న విషయం కాదు.

డిస్నీ వరల్డ్‌లో కూడా నాణ్యత అన్నిచోట్లా ఒకేలా దెబ్బతినలేదు. పిల్లలకు ఇష్టమైన కార్టూన్ పాత్రలు బల్ల దగ్గరికి వచ్చి పలకరించే బఫే భోజనాలకు పథకంతో పెద్దగా తేడా లేదు. అక్కడ ధర ఎప్పుడూ తలకింత అనే ఉంటుంది, జనం వచ్చేది ఆ పాత్రల కోసం. అన్నిటికంటే పై స్థాయిలో ఉన్న విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ రెస్టారెంట్ పథకానికి పూర్తిగా వెలుపలే ఉండిపోయింది. 2000 నుంచి అమెరికా మోటారు వాహనదారుల సంఘం ఇచ్చే ఐదు వజ్రాల గుర్తింపు, 2024లో మిషెలిన్ నక్షత్రం పొందినది అదే. వజ్రాలు, నక్షత్రాలు పథకానికి దూరంగా ఉన్నందువల్లనే వచ్చాయనడం తొందరపాటు. అటువంటి వంటశాల క్రెడిట్ల లెక్కలో ఇమడదని సంస్థే గ్రహించిందనడం మాత్రం సబబు.

మధ్య శ్రేణిలోనూ మినహాయింపులు ఉన్నాయి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్‌లోని సనా అనే రెస్టారెంట్ ఆఫ్రికా, భారతదేశ రుచులను కలిపి వండుతుంది. తందూరులో కాల్చిన నాన్ రొట్టెలు, వాటికి తోడు రకరకాల పచ్చళ్లతో వచ్చే పళ్లెం అక్కడి ప్రసిద్ధ వంటకం. అది స్టార్టర్ల జాబితాలోది. 2008 తరువాత స్టార్టర్లు పథకంలో లేవు కనుక పథకం ఉన్నవారు కూడా సాధారణంగా దానికి విడిగా సొమ్ము చెల్లించవలసిందే. కోరి డబ్బు పెట్టి తెప్పించుకునే ఆ పళ్లెమే ఆ రెస్టారెంట్‌కు పేరు తెచ్చిపెట్టింది.

పథకం వల్ల వంటశాలకు లాభం కూడా లేకపోలేదు. ఏ రోజు ఎంతమంది వస్తారో ముందే తెలుస్తుంది, సరుకు వృథా తగ్గించుకోవచ్చు, సిబ్బందికి పని నిలకడగా ఉంటుంది. కోవిడ్ నాటి విరామంలో పథకం లేకపోయినా మెనూ ధరలు దిగిరాలేదన్న వాదన కూడా వినిపిస్తుంది. అది వాస్తవమే. అయితే అవి సరుకుల ధరలు మండిపోయిన, పనివారు దొరకని సంవత్సరాలు. ఒకసారి పెరిగిన మెనూ ధర పథకం ఆగిపోయినంత మాత్రాన తగ్గడం ఏ వ్యాపారంలోనూ సాధారణంగా జరగదు.

2025లో మూడు నుంచి తొమ్మిదేళ్ల వయసు పిల్లలకు, పెద్దలు పథకం కొనుగోలు చేస్తే, ఉచితంగా భోజనం ఇస్తామని డిస్నీ ప్రకటించింది. చిన్నపిల్లలున్న మాంసాహార కుటుంబానికి, రోజూ పాత్రలతో భోజనం చేయాలని ఉబలాటపడేవారికి ఇది లాభించే అవకాశం ఉంది. శాకాహారులు, మద్యం ముట్టనివారు, పదేళ్లు దాటిన పిల్లలున్నవారు మాత్రం నిర్ణయానికి ముందు ఒక పని చేయవచ్చు. అక్కడి రెస్టారెంట్ల మెనూలు, ధరలతో సహా, ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. తాము నిజంగా తినబోయే వంటకాల ధరలను ఒక కాగితంపై వేసుకుని పథకం ధరతో పోల్చుకోవాలి. భోజనం ఉచితమన్న ప్రకటన ఉంటే, అదే తేదీలకు గది అద్దెలో లభించే తగ్గింపును కూడా ఆ కాగితంపైనే పక్కన రాసుకోవాలి. టిప్‌ను మరచిపోకూడదు, అది రెండు లెక్కల్లోనూ ఉంటుంది.